ఇరవై ఒక్క చదరపు కిలోమీటర్ల నర్సమ్మ

సత్తుపల్లిలో అశ్వారావుపేట బస్సెక్కితే కాసేపటికే రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు మొదలవుతాయి. తోటల వెనక జీడిమామిడి, ఆ వెనక పోడు చేలు, ఆపైన అడవి. దమ్మపేట, ములకలపల్లి మండలాల మీదుగా ఆ అడవి గోదావరి దాకా సాగిపోతుంది. బొగ్గు లారీలు రాత్రీపగలూ తిరిగే సత్తుపల్లిలో మందుల షాపులున్నాయి, ఆసుపత్రులున్నాయి, రక్తపరీక్ష చేసే ల్యాబులున్నాయి. అడవి లోపలి గూడెంలో అర్ధరాత్రి చంటిబిడ్డకు జ్వరం ముదిరితే మాత్రం మంచానికి కర్ర కట్టి, జెట్టీ చేసి, నలుగురు భుజాన వేసుకుని రోడ్డు దాకా నడవాల్సిందే.

గూడేనికీ ఆసుపత్రికీ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో చెప్పి ఊరుకుంటే అసలు సంగతి సగమే తెలుస్తుంది. మిగతా సగం జనాభా లెక్కల్లో ఉంది.

మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, అంటే సబ్‌సెంటర్, ఉండాలన్నది దేశమంతటికీ ఉన్న కొలమానం. కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైతే మైదానంలో 30,000 మందికి, ఏజెన్సీలో 20,000 మందికి. కాగితం మీద చూస్తే అడవి బిడ్డలకు ఎక్కువే ఇచ్చినట్టు అనిపిస్తుంది. ఇప్పుడు ఆ 3,000 మంది ఎంత నేల మీద పరుచుకుని ఉన్నారో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 10.69 లక్షల మంది ఉన్నారు. జిల్లా విస్తీర్ణం 7,483 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 143 మంది. ఆ లెక్కన 3,000 మందిని కలవాలంటే 21 చదరపు కిలోమీటర్లు తిరగాలి. అదే హైదరాబాద్ జిల్లాలో 217 చదరపు కిలోమీటర్లలో 39 లక్షల మంది ఉన్నారు. అక్కడ 3,000 మంది దాదాపు నలభై ఎకరాల్లో దొరుకుతారు. ఇక్కడ ఐదు వేల ఎకరాలు దాటుతుంది.

ఆ 143 కూడా సగటే. అందులో కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు లాంటి పట్టణాలు కలిసి ఉన్నాయి. వాటిని పక్కన పెడితే అడవి మండలాల్లో జనం ఇంకా పలచన. వాగులు పొంగితే ఆ ఇరవై ఒక్క చదరపు కిలోమీటర్లు రెండు మూడు ముక్కలవుతాయి. సబ్‌సెంటర్‌లో ఉండేది ఏఎన్ఎం. ఊళ్లో అందరూ ఆమెను నర్సమ్మ అంటారు. టీకాలు, గర్భిణుల పరీక్షలు, జ్వరాల సర్వే, రిజిస్టర్లు, ఇప్పుడు ట్యాబ్‌లో ఎంట్రీలు, అన్నీ ఆమె మీదే. ఆమె కష్టపడటం లేదని అనేవాళ్లు ఒక్కసారి ఆషాఢంలో ఆమె వెంట వాగు దాటి చూడాలి.

జనం ఇలా చెదిరి ఉండటానికి కారణం ఉంది. కొండరెడ్లు తరతరాలుగా పోడు చేసుకుంటూ, నాలుగైదు ఇళ్లు ఒకచోట, పదిళ్లు మరోచోట వేసుకుని బతికారు. 1940ల మొదట్లో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ వాళ్ల మధ్య ఉండి, 1945లో ప్రచురించిన పుస్తకంలో పాపికొండల చుట్టూ ఈ జీవితాన్నే నమోదు చేశాడు. కోయలవి కాస్త పెద్ద గూడేలు. ఇక 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లను ఇక్కడ గొత్తికోయలంటారు. వాళ్ల గూడేలు చాలావరకు రిజర్వు ఫారెస్టులో ఉన్నాయి. రెవెన్యూ గ్రామాల జాబితాలో వాటికి పేరుండదు. పేరు లేని ఊరికి రోడ్డు మంజూరు కాదు, కరెంటు స్తంభం రాదు.

పైగా గీతలు మారుతూ వచ్చాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగి సత్తుపల్లి ఖమ్మంలో ఉండిపోయింది, పక్కనే ఉన్న అశ్వారావుపేట, దమ్మపేట భద్రాద్రి కొత్తగూడెంలోకి వెళ్లాయి. దోమకు ఈ గీతలు తెలియవు. మిరప కోతకు పోయే కూలీ కూడా పని ఎటుంటే అటు పోతాడు.

ఇప్పుడు సగటు ఏం దాస్తుందో చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా చనిపోతున్నవాళ్లు 26.4 మంది. ఐదేళ్లు నిండని పిల్లల్లో ఆ సంఖ్య 29.4. దేశం మొత్తం మీద ఐదేళ్లలోపు మరణాలు 41.9 కాగా, షెడ్యూల్డు తెగల్లో 50.3. తెలంగాణ దేశం కన్నా మెరుగ్గా ఉంది, అందులో సందేహం లేదు. తెలంగాణ జనాభాలో గిరిజనులు 31.78 లక్షలు, అంటే 9 శాతం చిల్లర. భద్రాద్రి కొత్తగూడెంలో మాత్రం 36.66 శాతం. తొంభై శాతం మంది కథలో పది శాతం మంది కథ కలిసిపోయాక వచ్చిన సంఖ్యే ఆ 26.4.

సరే, మన గూడేనికి విడిగా శిశు మరణాల రేటు లెక్కిద్దామంటే కుదురుతుందా? నలభై గడపల గూడెం తీసుకుందాం, దాదాపు 180 మంది. ఏడాదికి ఐదుగురు పిల్లలు పుడతారనుకుందాం. వెయ్యి మంది పుట్టాలంటే రెండు వందల ఏళ్లు పడుతుంది. రాష్ట్ర సగటు ప్రకారమే జరిగితే ఈ గూడెంలో ఏడున్నరేళ్లకు ఒక పసిబిడ్డ చనిపోవాలి. ఒకే వానాకాలంలో ఇద్దరు పోతే? పట్టికలో అది ‘యాదృచ్ఛికం’. జిల్లా నివేదికలో ఒక అంకె రెండుగా మారుతుంది, అంతే. ఇద్దరు తల్లులకు తప్ప ఆ తేడా ఎవరికీ కనపడదు. అందుకే ఇలాంటి చోట్ల శాతాలతో పని జరగదు. ఎవరింట్లో ఎవరు, ఎన్నో నెల, ఎన్నో రోజు, ఏ జ్వరం అన్నది పేరు పేరునా తెలియాలి.

ఆ పని చేసి చూపించిన చోటు మనకు దూరమేమీ కాదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. 39 గ్రామాల్లో ఊరి మహిళలకే శిక్షణ ఇచ్చి, పుట్టిన ప్రతి బిడ్డనూ ఇంటికి వెళ్లి చూసేలా చేశారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, ఊపిరి అందని బిడ్డకు ఊపిరి ఇవ్వడం, ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకితే ఇంజెక్షన్‌తో సహా మందు ఇవ్వడం, అన్నీ ఆ మహిళలే నేర్చుకున్నారు. పక్కన 47 గ్రామాలను పోల్చి చూడటానికి పెట్టుకున్నారు. ఫలితాలు 1999లో లాన్సెట్‌లో వచ్చాయి. నెల లోపు పిల్లల మరణాలు పోలిక గ్రామాల్లో వెయ్యికి 59.6 ఉంటే, వీళ్లు పనిచేసిన గ్రామాల్లో 25.5. ప్రతి 18 మంది పిల్లలను చూసుకుంటే ఒక మరణం తప్పిందని, ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు దాదాపు 5.3 డాలర్లని వాళ్లు లెక్కగట్టారు.

2011 నుంచి ఇదే పని దేశమంతా ఆశా కార్యకర్తల చేతికొచ్చింది. కాన్పు ఆసుపత్రిలో అయితే బిడ్డను ఆరుసార్లు చూడాలి, 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. ఇక్కడ నా లెక్క ఒకటి చెబుతాను. ఆశా ఉండే ఊరికీ గూడేనికీ మధ్య నాలుగు కిలోమీటర్లే అనుకుందాం. పోనూ రానూ ఎనిమిది. ఆరుసార్లకు 48 కిలోమీటర్లు. 18 మంది పిల్లలకు 864 కిలోమీటర్లు. ఒక ప్రాణం నిలబడటానికి ఆమె సత్తుపల్లి నుంచి హైదరాబాద్‌కు మూడుసార్లు వెళ్లినదానికన్నా ఎక్కువ దూరం అడవిలో నడవాలి. ఆ ఆశా అదే గూడెం కోడలైతే? ఆ నడకే ఉండదు. గడ్చిరోలిలో జరిగింది అదే. అక్కడ పనిచేసిన మహిళ పొరుగూరి నుంచి రాలేదు, ఆ ఊళ్లోనే ఉంది.

వెయ్యి మందికి ఒక ఆశా అన్నది సాధారణ నియమం. గిరిజన ప్రాంతంలో ఆవాసానికి ఒకరు ఉండొచ్చని అదే నియమంలో వెసులుబాటు ఉంది. చదువు అర్హతనూ తగిన మనిషి దొరకని చోట సడలించొచ్చు. మహారాష్ట్రలోని జాంఖేడ్‌లో 1970 నుంచి ఆరోలే దంపతులు చదవడం రాయడం రాని మహిళలతో, అందులో దళిత మహిళలతో కూడా, ఊరి వైద్యం నడిపించారు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం ఊరికి కాకుండా పారాకు, అంటే గూడేనికి, ఒక మహిళను ఎంచుకుంది. ఆశా పథకానికి దారి చూపింది అదే. బస్తర్ నుంచి వచ్చిన వాళ్లకు గూడెం మనిషే మందు ఇవ్వడం కొత్తేమీ కాదు. కోయ భాష వచ్చిన, ఐదో తరగతి చదివిన అమ్మాయికి ఇంటర్ చదివిన పొరుగూరి అమ్మాయికన్నా ఆ గూడెంలో ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయి. ఈ ఒక్క మాట మీద నేను వాదనకు సిద్ధం.

ఇక మలేరియా. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాత నూట ఇరవై ఏళ్లు దాటాక, 2018లో అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యంపై నిపుణుల కమిటీ ఇచ్చిన నివేదిక ఒక లెక్క బయటపెట్టింది. దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతం. మలేరియా కేసుల్లో వాళ్ల వాటా 30 శాతం, మలేరియా మరణాల్లో 50 శాతం.

అడవి వాగుల ఒడ్డున, గడ్డి మొలిచిన నెమ్మది నీటిలో పెరిగే దోమ ఒక కారణం. పోడు చేలో మంచె మీద పడుకోవడం మరో కారణం. అన్నిటికన్నా పెద్దది ఆలస్యం. ఫాల్సిపేరం రకం మలేరియాలో జ్వరం మొదలయ్యాక దాదాపు పది రోజులకు రోగి రక్తంలో దోమకు అంటుకునే రూపం తయారవుతుంది. ఈలోపే మందు పడితే ఆ మనిషి బతకడమే కాకుండా అతని నుంచి మరొకరికి పాకదు. అందుకే ‘24 గంటల్లో పరీక్ష, మందు’ అంటారు. గాజు పలక మీద రక్తపూత తీసి, బస్సులో పీహెచ్‌సీకి పంపి, ఫలితం వచ్చేసరికి వారం పది రోజులు పట్టిన రోజుల్లో ఈ 24 గంటలన్నది కాగితం మీది మాటే.

అక్కడికక్కడే ఫలితం చెప్పే ఆర్డీటీ కిట్ వచ్చాక అది గూడెంలోనే సాధ్యమైంది. వేలెడంత తెల్ల ప్లాస్టిక్ పెట్టె. వేలి కొసన సూదితో గుచ్చి, చిన్న రక్తపు బొట్టు తీసి ఒక గుంటలో వేస్తారు, పక్క గుంటలో ద్రావకం చుక్కలు. తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు చూడాలి.

“ఎప్పట్నుంచి వదినా ఒళ్లు కాలడం?”

“నిన్న పొద్దుగూకినకాడ్నించి.”

“వణుకొచ్చిందా?”

తల్లి తలూపుతుంది. బిడ్డ ఏడుస్తూనే ఉంటాడు. పెట్టె మీద మొదట ఒక గీత వస్తుంది. అది పరీక్ష సరిగ్గా జరిగిందని చెప్పే గీత. ఫాల్సిపేరం చూపే రెండో గీత వస్తే ఆశా సంచిలోంచి మందుల అట్ట తీస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు గులాబీ రంగు అట్ట, నాలుగేళ్ల దాకా పసుపు, ఎనిమిదేళ్ల దాకా ఆకుపచ్చ, పద్నాలుగేళ్ల దాకా ఎరుపు, ఆ పైన తెలుపు. అక్షరం రాకపోయినా రంగు తెలిస్తే చాలు. ఎవరు ఆలోచించారో గానీ, ఆ రంగులు పెట్టినవాళ్లకు గూడెం తెలుసు. మందు మూడు రోజులు. మొదటి రోజుకే జ్వరం దిగుతుంది కాబట్టి రెండో రోజు, మూడో రోజు మాత్రలు చూరులో చెక్కి ఉంచేస్తారు. ఆ రెండు రోజులూ పొద్దున్నే వచ్చి, తన ఎదుటే మింగించే మనిషి కావాలి. మళ్లీ అదే సంగతి. నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న మనిషికి అది కుదిరే పని కాదు.

జ్వరం వచ్చినవాళ్లనే పరీక్షిస్తే సరిపోదని మన కోయల బంధువులుండే మల్కన్‌గిరి వైపు తేలింది. ఒడిశా ప్రభుత్వం 2017లో ‘దమన్’ పేరుతో దారిలేని గూడేలకు వెళ్లి, జ్వరమున్నా లేకున్నా అందరి రక్తం పరీక్షించింది. ఒంట్లో క్రిమి ఉండీ జ్వరం లేనివాళ్లు చాలామంది బయటపడ్డారు. ఆ రాష్ట్రంలో కేసులు 2017లో దాదాపు 3.5 లక్షలుంటే 2018లో 66 వేలకు పడిపోయాయి. అదే సమయంలో కోటికి పైగా దోమతెరలు కూడా పంచారు కాబట్టి ఘనత అంతా ఒక్కదానికే ఇవ్వలేం. 2020లో బస్తర్‌లోనూ ఇదే పద్ధతి మొదలైంది. దేశం మొత్తం మీద 2015లో 11.69 లక్షల కేసులుంటే 2023 నాటికి 2.27 లక్షలకు తగ్గాయి, మరణాలు 384 నుంచి 83కు. ఇప్పుడు మిగిలినవి ఎక్కడున్నాయని అడిగితే జవాబు చాలావరకు సరిహద్దు అడవులే.

దోమతెర సంగతి ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1.8 మందికి ఒక తెర లెక్కన పంచమంటుంది. మందు పూసిన తెర మూడేళ్లు, సుమారు ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది. కానీ కుటుంబంలో ఇద్దరు ఇంట్లో, ఇద్దరు పోడు చేను దగ్గర పడుకునే రోజుల్లో ఇంటి లెక్కన ఇచ్చిన తెర ఎవరికి? చేలో కాపలా ఉన్నవాడికి కూడా ఒకటి ఇవ్వాలన్న సంగతి గూడెం వాళ్లను కూర్చోబెట్టి అడిగితేనే తెలుస్తుంది. ఇంట్లో మందు కొట్టడానికి వచ్చినప్పుడు దేవుడి మూలకు, గింజలు దాచుకున్న చోటుకు రానివ్వరు. ముందు రోజే గూడెం పెద్ద పటేల్‌తో, పూజారి వడ్డెతో మాట్లాడుకుంటే సగం గొడవ తీరుతుంది. మాట్లాడకుండా వచ్చి రిజిస్టర్‌లో ‘నిరాకరించారు’ అని రాసుకుపోతే తప్పు ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు.

తిండి దగ్గరికొస్తే సంఖ్యలు ఇంకా బాధపెడతాయి. అదే 2019-21 సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతానికి, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత. ఆసుపత్రి కాన్పులు 97 శాతం. కాన్పు ఆసుపత్రిలో అవుతోంది, రక్తం మాత్రం ఇంట్లోనే తగ్గిపోతోంది. 2022 డిసెంబరులో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. ఇక్రిశాట్‌తో కలిసి ‘గిరి పోషణ’ పేరుతో జొన్న, ఇతర చిరుధాన్యాలు, పప్పులతో తయారైన ఆహారాన్ని భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం ఐటీడీఏల పరిధిలో ఇచ్చి చూశారు. గూడెం జనం మరిచిపోతున్న జొన్నను, సామను మళ్లీ వాళ్ల పళ్లెంలోకే తేవడం నాకు నచ్చిన ఆలోచన.

అంగన్‌వాడీలో ఒక కాగితపు టేపు ఉంటుంది. బిడ్డ ఎడమ జబ్బకు చుట్టి చూస్తారు. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, 11.5 నుంచి 12.5 దాకా పసుపు, అంతకన్నా తగ్గితే ఎరుపు. ఎరుపు పడిన జబ్బ మన బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టినంత. ఆ టేపు గూడేనికి చేరాలంటే అక్కడ అంగన్‌వాడీ ఉండాలి. ఆరేళ్లలోపు పిల్లలు నలభై మంది ఉంటే అడిగి తెచ్చుకునే హక్కు ఉందని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. మన నలభై గడపల గూడెంలో ఏడాదికి ఐదుగురు చొప్పున ముప్పై మందే తేలతారు. 150 మంది జనాభా ఉంటే మినీ అంగన్‌వాడీకి వీలుంది, 180 మంది ఉన్నారు కాబట్టి అది అడగొచ్చు. అడగటానికి ముందు ఆ 180 మందీ ఏదో ఒక జాబితాలో ఉండాలి.

రక్తహీనత అనగానే ఐరన్ మాత్ర ఇచ్చి ఊరుకోలేని మరో కారణం పుట్టుకతో వచ్చే రక్తజబ్బు సికిల్‌సెల్. తల్లిదండ్రులిద్దరూ ఆ లక్షణాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. మేనరికాలున్న చోట ఈ ఫలితాన్ని ఎవరు, ఎవరి ముందు, ఏ మాటల్లో చెబుతారన్నది పరీక్షంత ముఖ్యం. పెళ్లిసంబంధం చెడిపోయేలా సంతలో చెప్పకూడదు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. గ్రామ ఆరోగ్య పారిశుధ్య కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి 10,000 రూపాయలు. రెవెన్యూ గ్రామం లెక్కన. ఆ గ్రామం కింద ఎనిమిది గూడేలుంటే ఒక్కోదానికి 1,250. 2023లో తెలంగాణలో ఆశాకు నెలకు 9,750 రూపాయల దాకా వచ్చేది, అదీ పని లెక్కన ఇచ్చే పారితోషికం. రోజుకు 325. స్థిరంగా 18,000 కావాలని వాళ్లు 2023లో సమ్మె చేశారు. పద్దెనిమిది మంది పిల్లలకు ఒక ప్రాణం నిలిపే మనిషి అడిగిన జీతం అది. ఎక్కువ అడిగారని నాకు అనిపించలేదు.

ఇదంతా మొదలుపెట్టడానికి ఈ అడవిలో ఒక మంచి నెల ఉంది. మిరప కోతలు అయిపోయి, తునికాకు కట్టలు అప్పజెప్పి, దుక్కులకు గూడెం జనమంతా ఇళ్లు చేరే రోజులు. వానలు ఇంకా ముమ్మరం కావు, వాగులు ఇంకా దాటనిస్తాయి. అప్పుడు ఇప్పచెట్టు కింద చాప పరుచుకుని ఆశా కూర్చుంటుంది. నోటుబుక్కులో గడప గడపకూ ఒక పేజీ. ఎంతమంది, ఎన్ని తెరలు, చేలో ఎవరు పడుకుంటారు, ఎవరికి ఎన్నో నెల. చివరి ఇంటి దగ్గర ముసలమ్మ ఒక పసిగుడ్డును చేతుల మీద తెచ్చి చూపిస్తుంది. ఇంకా పేరు పెట్టలేదు. ఆశా ‘ఆడపిల్ల, 3వ రోజు’ అని రాసుకుని, పక్కన వరసగా వేసుకుంటుంది: 7, 14, 21, 28, 42.